వంపు గొట్టము - దాని లేఖనము



చిరకాలము సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న నేను ఇనుప గొట్టముల వంపును గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి వింతగా దోపవచ్చును. కాని యజ్ఞవేదికలకై త్రాటితోను మేకులతోను వృత్తచతురస్రములను గీయు విధానము బౌధాయన శుల్బసూత్రములలో గలదు. కొలత గల గీత పండితునకు పరాయిది కాదు.

ఇంటికి నీరు దెచ్చు గొట్టమైనను, కర్మాగారములో ఆవిరిని గొనిపోవు గొట్టమైనను, ఎక్కడనో యొకచోట మలుపు తిరుగక తప్పదు. ఫిట్టరు ఆ మలుపును ఇనుముతో చేయుటకు ముందు లేఖకుడు కాగితముపై గీయవలెను. నా యెదుట నల్లబల్ల లేదు. కావున మీరు మనస్సులోనే నాతోపాటు గీయుడు.

గొట్టము వ్యాసము 60 మిల్లీమీటర్లు. అది 1000 మిల్లీమీటర్లు అడ్డముగా సాగి, లంబకోణమున తిరిగి, 600 మిల్లీమీటర్లు క్రిందికి దిగవలెను. వంపు వ్యాసార్ధము వ్యాసమునకు మూడింతలు, అనగా 180 అనుకొందము. మొదట గొట్టము అంచులను గీయరాదు. నడిమి గీతను, అనగా మధ్యరేఖను గీయవలెను. రెండు మధ్యరేఖలు కలిసికొను చోటు మూల. పిమ్మట లోపలివైపున ఆ రెంటికిని 180 దూరమున సమాంతర రేఖలు గీయుడు. అవి ఖండించుకొను బిందువే కేంద్రము. కేంద్రము నుండి మధ్యరేఖలకు లంబములు దింపుడు. ఆ లంబములు తాకిన చోట్లు స్పర్శబిందువులు. తిన్నని గొట్టము అచ్చటనే ముగియును, వంపు అచ్చటనే మొదలగును.

ఆ కేంద్రమునందే కంపాసు సూది నిలిపి, 180తో మధ్యచాపమును, 150తో లోపలి చాపమును, 210తో వెలుపలి చాపమును గీయవలెను. కొందరు క్రొత్తవారు రెండంచులకును ఒకే వ్యాసార్ధము వాడి, సూదిని జరుపుదురు. అప్పుడు 60 ఉండవలసిన గొట్టము వంపు నడుమ సుమారు 85 అగును. నీరు ద్రాగిన కొండచిలువ పొట్టవలె కనబడును!

ఇక కొలత. లంబకోణపు వంపులో మూల నుండి స్పర్శబిందువు దూరము వ్యాసార్ధమునకు సమానము. కనుక తిన్నని భాగములు 820, 420. చాపము వృత్తములో నాలుగవవంతు, అనగా సుమారు 283. లీలావతిలో భాస్కరాచార్యుడు స్థూలముగా 22/7 అనియు, సూక్ష్మముగా 3927/1250 అనియు చెప్పెను. ఇచ్చట దేనితో లెక్కించినను 283 యే. మొత్తము 1523. మూలవరకు కొలిచి కూడినవానికి 1600 వచ్చును.

మా వ్యాకరణములో దీనికి చక్కని దృష్టాంతము గలదు. రామ, ఈశ్వర యను పదములు కలియునప్పుడు అకార ఈకారములు రెండును పోయి, వాని స్థానమున ఏకార మొక్కటే వచ్చి రామేశ్వర యగును. అయిదక్షరములు నాలుగైనవి. ఇచ్చటను రెండు రేఖల చివరలు లోపించి, ఒక చాపము ఆదేశముగా వచ్చినది. పోయిన యక్షరములను గూడ లెక్కించువాడు ఛందస్సు తప్పును. మూల గొట్టములో లేదు. అయినను కొలతలన్నియు దానినుండియే!

మలుపు లంబకోణము కానిచో, తిరిగిన కోణములో సగమునకు స్పర్శజ్య దీసి వ్యాసార్ధముతో గుణింపవలెను. 45 డిగ్రీలు తిరిగిన గొట్టమునకు అది సుమారు 75. రేఖల నడుమనున్న 135 డిగ్రీలను పొరపాటున దీసికొనినచో 435 వచ్చును.

వంచునప్పుడు గొట్టము వెలుపలివైపు సాగును, లోపలివైపు కుదించుకొనును. మధ్యరేఖ మాత్రము ఇంచుమించుగా నిలుచును. అందుచేతనే వ్యాసార్ధము దేనికి చెందినదో పటముపై వ్రాయవలెను. నా పూర్వ విద్యార్థి యొకడు పనిచేసిన కర్మాగారములో నొకనాడు ఆ మాట వ్రాయని పటము వచ్చెను. ఫిట్టరు దానిని లోపలి అంచు కొలతగా గ్రహించి గొట్టమును కోసెను. గొట్టము పొట్టియయ్యెను. మన లెక్కలోనైనను లోపలి చాపమును బట్టి కోసినచో 47 మిల్లీమీటర్లు తగ్గును. ఎక్కువైన దానిని కోయవచ్చును, తక్కువైన దానిని పెంచుట యెట్లు? ఫిట్టరు దినకూలి పోయినది. పటము గీసినవానిని అడిగినవారు లేరు. లేఖకుడు ఒక్కమాట వ్రాయకపోయిన ఫలము చదివినవాడు అనుభవించెను.

నేడు కంప్యూటరు ఈ చాపములను క్షణములో గీయుచున్నది. అయినను ఏ వ్యాసార్ధము, ఏ కోణము అని దానికి చెప్పవలసినవాడు మనుష్యుడే. కావున ఈ విద్య నేర్చు చిన్నవారికి నా మనవి యిది: మధ్యరేఖను ముందు గీయుడు, స్పర్శబిందువులను గుర్తింపుడు, వ్యాసార్ధము దేనిదో వ్రాయుడు. పటమును పంపుటకు ముందు, గొట్టమును కోయువాని కన్నులతో దానిని ఒకమారు చదువుడు.