ఆ ఇంజన్‌లో బొగ్గు వేసిందెవరు?

(ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో అంబేడ్కర్ జయంతి సందర్భంగా విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం, సినిమా ప్రదర్శనకు ముందు.)



నాకిచ్చిన అంశం “నాకు నచ్చిన నలుపు తెలుపు సినిమాలు”. ఫోన్‌లో ఈ మాట వినగానే నవ్వొచ్చింది. జయంతి సభలకి పిలిచినవాళ్లు రిజర్వేషన్ల గురించి మాట్లాడమంటారు, దాడుల గురించి మాట్లాడమంటారు. మన బాధ గురించి మాట్లాడ్డానికి మనకెప్పుడూ మైకు దొరుకుతుంది. మనకేది అందంగా కనిపించిందో చెప్పమని అడిగేవాళ్లు తక్కువ. అందుకే వెంటనే ఒప్పుకున్నాను.

సినిమా కంటే ముందు ఒక ఫొటో గురించి చెప్పాలి. మా తాత శ్రీకాకుళం వైపు ఒక మాలపల్లె నుంచి పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చాడు. స్టీమ్ ఇంజన్లకి బొగ్గు వేసే పని. ఆయనది మా ఇంట్లో ఒకటే ఫొటో ఉంది. అదీ ఆయనొక్కడిదీ కాదు, పనివాళ్ల గ్రూపు ఫొటో. మధ్యలో కుర్చీలో తెల్ల కోటు వేసుకున్న ఆఫీసరు కూర్చున్నాడు. కోటు గుండీలు లెక్కపెట్టొచ్చు. వెనక రెండు వరసల్లో మనవాళ్లు నిలబడ్డారు. వాళ్లలో కళ్ల తెలుపు, పళ్ల తెలుపు తప్ప ఇంకేమీ కనబడదు. ముఖాలన్నీ ఒకే నల్ల మచ్చ. చిన్నప్పుడు నేను, “ఇందులో తాత ఎవరే?” అని అడిగితే మా నాయనమ్మ రెండో వరస చివర వేలు పెట్టేది. “ముకం సూడకురా, సెయ్యి సూడు. పార పట్టుకున్నాడు సూడు, ఆడే మీ తాత” అనేది.

ఆ ఫొటో అలా ఎందుకొచ్చిందో నాకు చాలా ఏళ్ల తర్వాత, కెమెరాల గురించి చదువుకున్నప్పుడు అర్థమైంది. ఫిల్ముకి ఒక హద్దుంది. బాగా తెల్లటిదీ బాగా నల్లటిదీ ఒకే ఫ్రేములో ఉంటే రెండింటి వివరాలూ పట్టుకోలేదు. ఫొటో తీసేవాడు ఎవరికో ఒకరికి వెలుగు లెక్క కట్టుకోవాలి. తెల్ల కోటుకి కడితే నల్ల ముఖాలు చీకట్లో మునుగుతాయి. నల్ల ముఖాలకి కడితే కోటు సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. పైగా పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపు రంగుని పట్టదు. మన గోధుమ, చామనఛాయ చర్మంలో ఉండే ఎరుపంతా దానికి నలుపే. ఆ ఫొటోగ్రాఫరుకి మా తాత మీద కోపమేమీ ఉండి ఉండదు. ఆయన లెక్కలో మా తాత లేడు, అంతే.

అప్పట్నుంచి ఏ నలుపు తెలుపు సినిమా చూసినా ఈ ఫ్రేములో వెలుగు ఎవరికి లెక్క కట్టారు అనే ప్రశ్న నన్ను వదల్లేదు. సినిమాని ప్రేమించడానికి ఈ ప్రశ్న అడ్డం రాలేదు. ఇంకా దగ్గరగా చూడ్డం నేర్పింది.

బెంగాల్‌లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ‘పథేర్ పాంచాలి’తోనే మొదలుపెట్టాలి. 1955లో వచ్చింది. సత్యజిత్ రాయ్‌కి అది మొదటి సినిమా, కెమెరామన్ సుబ్రత మిత్రకీ మొదటిదే. అప్పు, దుర్గ రెల్లుపూల మధ్య పరిగెత్తి రైలుని చూసే సీను మీకందరికీ తెలుసు. ఆ సీనుని ఒక్క రోజు తీసి, మళ్లీ వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయట. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగి తీశారు. తెల్లటి పూల మీదుగా నల్లటి పొగ పోతూ ఉంటుంది. ప్రపంచమంతా ఆ బొమ్మని చూసి ముగ్ధులైంది. నేనూ అయ్యాను.

కానీ నేను ఫైర్‌మాన్ మనవణ్ణి. ఇంజన్ ఊరికే నల్లపొగ వదలదని నాకు తెలుసు. ఎవరో పారతో కొత్త బొగ్గు వెయ్యాలి. అప్పు రైలుని చూస్తున్నాడు, కెమెరా అప్పుని చూస్తోంది. ఇంజన్‌లో మంట ముందు నిలబడ్డ మనిషి ఈ సినిమాలో లేడు. ఇది రాయ్ మీద నేరం మోపడం కాదు. అది అప్పు కథ, పేద బ్రాహ్మణ పిల్లవాడి కథ, అతని కళ్లతోనే చూడాలి. నేను చెప్పేదల్లా, అదే రైలుకి ఇంకో వైపు కూడా ఒక కథ ఉందనీ, మా ఇంట్లో ఆ కథే ఉండేదనీ.

తర్వాతి సినిమా ‘అపరాజితో’. కాశీలో అప్పు వాళ్లుండే ఇల్లు స్టూడియోలో వేసిన సెట్టు. వాకిట్లో పైనుంచి ఆకాశపు వెలుగు దిగుతున్నట్టు ఉండాలి. సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్ల గుడ్డ కట్టి, లైట్లని మనుషుల మీదికి కాకుండా ఆ గుడ్డ మీదికి కొట్టాడు. వెలుగు దాని మీద పడి, మెత్తబడి, కిందికి దిగింది. సినిమావాళ్లు దీన్నే బౌన్స్ లైటింగ్ అంటారు. సినిమా చదివే పిల్లలు మీలో ఉంటే ఆ వాకిలి సీన్లు నాలుగైదుసార్లు చూడండి. నీడలు అరవవు, ముఖాలు మెరవవు. మనిషిని ఎక్కువ చెయ్యకుండా, తక్కువ చెయ్యకుండా చూపించే వెలుగు అది.

ఆ సినిమా 1956 అక్టోబర్ 11న విడుదలైంది. మూడు రోజుల తర్వాత, అక్టోబర్ 14న, బాబాసాహెబ్ నాగ్‌పూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించాడు. ఈ ఊరిని కట్టిన రైల్వే పేరే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఒక కొసన తెరమీద పురోహితుడి కొడుకు కులవృత్తి వదిలి బడికి పోతున్నాడు, రెండో కొసన లక్షల మంది ఆ పురోహితుల మతాన్నే వదిలేస్తున్నారు. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు తేదీలూ పక్కపక్కన నాకెక్కడా కనబడలేదు. మీలో ఎవరైనా పరిశోధన చేస్తే పెట్టండి.

ఇక మన గురించి తీసిన సినిమాలు.

‘అఛూత్ కన్య’, 1936. బాంబే టాకీస్. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్, కెమెరా జోసెఫ్ విర్షింగ్, ఇద్దరూ జర్మన్లు. ఈ సినిమా మన ఊళ్లో ఆడించాల్సిన సినిమా, ఎందుకంటే కథంతా రైల్వే గేటు దగ్గర జరుగుతుంది. కస్తూరి తండ్రి లెవల్ క్రాసింగ్ గేట్‌మాన్, అంటరానివాడు. పాము కరిచిన బ్రాహ్మణుడి కాల్లోంచి నోటితో విషం పీల్చి బతికించినవాడు. కస్తూరిగా దేవికారాణి, బ్రాహ్మణ కుర్రాడు ప్రతాప్‌గా అశోక్ కుమార్. చివరికి గేటు దగ్గర మగవాళ్లు కొట్టుకుంటుంటే, వస్తున్న రైలుని ఆపబోయి కస్తూరి చచ్చిపోతుంది. వాళ్లు బతుకుతారు. ఆ పిల్లకి గుడి కడతారు. బతికుండగా తాకని మనిషిని చచ్చాక మొక్కడం మన దేశంలో పాత అలవాటు.

విర్షింగ్ ఆ ముఖానికి ఇచ్చిన వెలుగు మాత్రం చూసి తీరాలి. జర్మన్ స్టూడియోల్లో నేర్చిన పని. ఇక్కడే నాకు తిరకాసు. అంటరాని పిల్లకి తెరమీద అంత వెలుగు దొరికింది, కానీ ఆ వెలుగు పడ్డ ముఖం ఠాగూర్ల బంధువైన దేవికారాణిది.

దానికి కొన్నేళ్ల ముందే నిజంగా మన పిల్ల ఒకతె కెమెరా ముందు నిలబడింది. పి.కె. రోజీ, మలయాళంలో మొదటి సినిమా ‘విగతకుమారన్’ నాయిక. దళిత స్త్రీ, నాయర్ స్త్రీ పాత్ర వేసింది. దానికి అగ్రకులాలవాళ్లు ఆమెని ఊరొదిలి పోయేదాకా తరిమారు. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు. దేవికారాణి అంటరానిదాని వేషం వేస్తే చప్పట్లు, రోజీ నాయర్ వేషం వేస్తే రాళ్లు. దీన్ని వివరించడానికి వేరే సిద్ధాంతం అక్కర్లేదు.

తెలుగులో ‘మాలపిల్ల’, 1938. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, కాంచనమాల నాయిక. డబ్బు పెట్టింది చల్లపల్లి రాజా, అంటే ఒక జమీందారు. గుడిలోకి రానిమ్మని అడిగే సినిమాకి ఆయన డబ్బు వచ్చింది. భూమి పంచమని అడిగే సినిమా అయితే వచ్చేదా అని అడగాలనిపిస్తుంది. సరే, అది పక్కన పెడదాం. మనకి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. ఆ సినిమాకి కెమెరా పట్టింది శైలేన్ బోస్ అనే బెంగాలీ. ఇక కథలో బ్రాహ్మణ కుర్రాడు మాలపిల్లని తీసుకుని పారిపోయేది కలకత్తాకి. ఆ రోజుల్లో ఆంధ్ర నుంచి కలకత్తా రైలు ఎటు పోతుంది? మన స్టేషను మీదుగానే. వాళ్ల బండి ఇక్కడ ఆగినప్పుడు మా తాత ఇంజన్‌లో ఉండి ఉంటాడా అని అప్పుడప్పుడూ ఊహించుకుంటాను. కథలో మనుషులకి నిజం మనిషిని ముడేయడం తప్పే, తెలుసు. అయినా ఊహ ఆగదు.

మా నాయనమ్మ మాత్రం ఆ సినిమా పేరు ఎప్పుడూ పూర్తిగా పలికేది కాదు. “ఆ కాంచనమాల సినిమా” అనేది. వాల్‌పోస్టరు మీద పెద్దక్షరాల్లో రాసిన మాటే వీధిలో తనని తిట్టడానికి వాడే మాట అయితే, ఎవరి నోరు మాత్రం తిరుగుతుంది?

‘సుజాత’ మీలో చాలామంది చూసే ఉంటారు. బిమల్ రాయ్, 1959, కెమెరా కమల్ బోస్. బ్రాహ్మణ ఇంట్లో పెరిగిన అంటరాని పిల్ల నూతన్. ఆ ఇంటి సొంత కూతురు శశికళ. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకరు తెల్లగా, ఒకరు నల్లగా. దానికోసం నూతన్ ముఖానికి రంగు పూశారు. కులం కంటికి కనబడదు కాబట్టి సినిమావాళ్లు దాన్ని చర్మం మీదికి తెచ్చిపెట్టారు. అది అబద్ధం. మా కాలనీలో అన్ని కులాల్లోనూ అన్ని రంగులవాళ్లూ ఉన్నారు.

ఇంత తిట్టాక చెప్తున్నాను, ఆ టెలిఫోన్ పాట నాకు ప్రాణం. అవతల్నుంచి సునీల్ దత్ పాడుతుంటాడు, ఇవతల నూతన్ ఒక్క మాట అనదు. కెమెరా ఆ ముఖాన్ని నమ్ముకుని నిలబడుతుంది. తర్వాత వానలో చావాలని వెళ్లిన సుజాతకి నది ఒడ్డున గాంధీ ఎదురవుతాడు. చివర్లో పెంచిన తల్లికి రక్తమిస్తే తప్ప ఆ తల్లి నోటివెంట కూతురనే మాట రాదు. నాగ్‌పూర్ జరిగి మూడేళ్లయింది. ఆ సినిమాలో అంబేడ్కర్ పేరు లేదు. మనిషిగా ఒప్పుకోవడానికి సీసాడు రక్తం ధర కట్టిన కథకి కాన్ పోటీలో చోటు దొరికింది.

మధ్యలో ఒక సరదా మాట. ‘మాయాబజార్’ గురించి చెప్పకుండా వదిలేస్తే మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఊరుకోరు. 1957. కెమెరా మార్కస్ బార్ట్‌లీ, ఆంగ్లో ఇండియన్. ఖరగ్‌పూర్ వాళ్లకి ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. పడవ పాటలో వెన్నెల ఆయన లైట్లతో తయారు చేసిందే, చంద్రుడి పని కాదు. నాకు అంతకంటే ఇష్టం ఘటోత్కచుడి మీద పడ్డ వెలుగు. పురాణం రాక్షసుడన్న అడవివాణ్ణి ఎస్వీ రంగారావు, బార్ట్‌లీ కలిసి సినిమాకే పెద్ద దిక్కుని చేశారు. 2010లో దానికి రంగులద్దారు. నేను పది నిమిషాలు చూసి లేచొచ్చేశాను.

ఇవాళ మనం చూడబోయేది ‘సువర్ణరేఖ’. ఋత్విక్ ఘటక్ 1962లో పూర్తి చేశాడు, విడుదలయ్యేసరికి 1965 అయింది. కెమెరా దిలీప్ రంజన్ ముఖర్జీ. సువర్ణరేఖ మన జిల్లా నది. సినిమాలో పేరొచ్చే ఘాట్‌శిలా ఇక్కణ్ణుంచి టాటా లైనులో ఉంటుంది.

దేశ విభజన తర్వాత శరణార్థుల కాలనీ. ఒక తల్లి, కౌశల్య, కొడుకుని పట్టుకుని చోటడుగుతుంది. అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లే “నువ్వు మా జిల్లా దానివి కాదు” అంటారు. ఈ మాట వింటే నాకు 1946 గుర్తొస్తుంది. బాబాసాహెబ్‌ని రాజ్యాంగసభకి పంపింది బెంగాలే, జోగేంద్రనాథ్ మండల్ లాంటివాళ్ల పూనికతో. ఆ తర్వాత దేశం చీలింది. చీలిన నేల మీద ఎవరికి చోటు, ఎవరికి లేదు అన్నది కులమే తేల్చింది. ఘటక్ దీన్ని ఉపన్యాసంగా చెప్పడు. తల్లి నుంచి విడిపోయిన అభిరామ్‌ని ఈశ్వర్ చక్రవర్తి అనే బ్రాహ్మణుడు తన చెల్లెలు సీతతో పాటు పెంచుతాడు. వాడిపోయిన యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పిల్లలిద్దరూ ఆడుకుంటారు. అక్కడ సీత ఎదురుగా హఠాత్తుగా కాళి నిలబడుతుంది. వేషగాడే, బహురూపి. వైడ్ లెన్సులో ఆ ఖాళీ నేల, ఆ నల్లటి రూపం, ఆ చిన్నపిల్ల. నేను చూసిన నలుపు తెలుపు బొమ్మల్లో నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే.

పెద్దయ్యాక సీత, అభిరామ్ ప్రేమించుకుంటారు. ఒకరోజు రైల్వే స్టేషన్లో ఒక ముసలిది చావుబతుకుల్లో పడి ఉంటుంది. అభిరామ్ చూస్తాడు. తన తల్లి. బాగ్దీ కులస్థురాలని అక్కడ తెలుస్తుంది. అంతే, అప్పటిదాకా తమ్ముడిలా ఉన్నవాడు ఈశ్వర్‌కి పరాయివాడైపోతాడు. ఫౌండ్రీలో రాబోయే వాటా పోతుందని భయం. చదువు, మంచితనం, కలిసి పెరిగిన ఏళ్లు, అన్నీ ఒక్క మాటతో ఎగిరిపోతాయి.

మన ప్లాట్‌ఫారం 1072 మీటర్లని బయటివాళ్లకి గొప్పగా చెప్పుకుంటాం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి కుండలో నీళ్లు ఎవరు తాగాలో ఆ ప్లాట్‌ఫారానికి తెలీదా? మా నాయనమ్మకి బాగా తెలుసు. అందుకే ఆ స్టేషను సీను దగ్గర నేను ఊపిరి బిగబట్టుకుంటాను.

ఈ సినిమాతోనూ నాకు పేచీ ఉంది. కౌశల్యకి మొదట్లో కొంచెం, చచ్చిపోవడానికి ఇంకొంచెం సమయం దొరుకుతుంది. చివరికి కథ ఈశ్వర్ పతనంగానే నడుస్తుంది. ఆమె ఎక్కడికి పోయింది, అన్నేళ్లు ఎలా బతికింది, ఆ స్టేషనుకి ఎలా చేరింది? ఆ సినిమా ఇంకా ఎవరూ తియ్యలేదు.

మా ఫొటో సంగతి చెప్పి ఆపేస్తాను. పోయినేడాది దాన్ని ఒక స్టూడియోకి తీసుకెళ్లి స్కాన్ చేయించాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు నీడల్ని కొంచెం కొంచెం పైకి లేపాడు. ఆఫీసరు కోటు మెల్లగా తెల్లబడిపోయి గుండీలు మాయమయ్యాయి. రెండో వరస చివర ఒక ముక్కు వచ్చింది, తర్వాత పెదవి మీద మీసం. మా తాతకి మీసం ఉండేదని ఇంట్లో ఎవరికీ తెలీదు. మా అమ్మ కాపురానికొచ్చేసరికే ఆయన లేడు. నాయనమ్మా పోయింది. నిజంగా మీసమా, ప్రింటు మీద మరకా అని నేనూ ఆ కుర్రాడూ చాలాసేపు చూశాం. మా అమ్మ మాత్రం ఆ ప్రింటు చూసి, “మీ నాన్న మీసమే” అంది.

సరే, లైట్లు తియ్యండి. వెనకున్నవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, సబ్‌టైటిల్స్ చిన్నగా ఉన్నాయి. ప్రశ్నలు సినిమా అయ్యాక.

జై భీమ్.