నలుబది ఇండ్లు, ఇరువది మంది

ఒకప్పుడు నల్లగొండలోను, మహబూబ్‌నగర్‌లోను ఇల్లనగా నాలుగు గోడలు, ముందొక వాకిలి, వెనుకనొక చేదబావి. ఆ బావి మంచిచెడ్డలు ఆ ఇంటివారివే. ఇప్పుడీ పట్టణములలో అంతస్తుపై అంతస్తు లేచి, నలుబది కుటుంబములు ఒకే బోరు నీటిని వాడుకొనుచున్నవి. మోటారు కాలిన నాడు మరమ్మతునకు ఎవరు సెలవీయవలెను? వేసవిలో బోరు ఎండిన నాడు ట్యాంకరు నీటికై ఇంటికెంత చందా వేయవలెను? ఇవి నిర్ణయించునది యజమానుల సంఘపు కార్యవర్గము. కనుక దాని ఎన్నిక పది నిమిషములలో ముగించదగిన తంతు కాదు.

ఎన్నికకు మొదటి మెట్టు కోరము. ఇది లాటిను మాట. 'వీరిలో' అని దాని భావము. ఇంగ్లండులో న్యాయాధికారులను నియమించు పత్రములలో కొందరి పేర్లు చెప్పి, వీరిలో ఒకరైనను ఉండితీరవలెనని వ్రాయుట ఆచారము. ఆ మాటయే క్రమముగా సభకు కావలసిన కనీసపు హాజరునకు పేరైనది. మన రాజ్యాంగము పార్లమెంటు సభలకు పదవ వంతు చాలునన్నది. 543 స్థానములుగల లోక్‌సభకు అది 55 మంది.

తెలంగాణలో ఇట్టి సంఘములు పెక్కు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదగుచున్నవి. అంతకు పూర్వము ఈ ప్రాంతమునకు నిజాము కాలపు 1350 ఫస్లీ చట్టముండెడిది. కోరమెంతయో సంఘము తన నియమావళిలో వ్రాసికొనును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

నలుబది ఫ్లాట్లున్న సంఘము నొకదానిని ఊహింపుడు. కోరము మూడవ వంతు, అనగా పదునాలుగు మంది అనుకొందము. వారిలో ఎనిమిది మంది చేతులెత్తిన చాలును, నలుబది ఇండ్లకును ఆ తీర్మానము శిరోధార్యము. ఇది అన్యాయమని కోరమును సగమునకు, ఇరువదికి పెంచితిరనుకొనుడు. పాత కార్యవర్గము మారవలెనని పదునేడుగురు వచ్చిరి. ఉండవలెనని కోరువారు ఆరుగురు. ఈ ఆరుగురును సభకు వచ్చినచో హాజరు ఇరువదిమూడు. కోరము నిండును, వారు ఓడుదురు. రాకుండ ఇంటివద్దనే కూర్చున్నచో పదునేడుగురే మిగిలి సభ వాయిదా పడును, పాతవారే కొనసాగుదురు. ఓటు వేయుటకంటె వేయకుండుటయే బలమైన ఆయుధమగుట విపరీతము కాదా? హెచ్చు కోరము ప్రజాస్వామ్యమునకు రక్ష యని తలచువారు ఈ లెక్కను ఒకమారు వేసి చూడవలెను.

దీనికి విరుగుడు కంపెనీల చట్టములో నున్నది. 2013 నాటి ఆ చట్టము ప్రకారము అరగంటలో కోరము నిండనిచో సభ మరుసటి వారము అదే దినమునకు, అదే వేళకు వాయిదా పడును. అప్పుడు కూడ అరగంట వేచి చూచి, వచ్చినవారినే కోరముగా నెంతురు. ఈ వారము గడువే ప్రాణము. కొన్ని సంఘములవారు 'అరగంట తరువాత అదే సభ, ఎందరున్న అందరితో' అని వ్రాసికొందురు. అది కోరమును ముందు తలుపున పిలిచి వెనుక తలుపున సాగనంపుటయే.

ఇక ఓటు. ఫ్లాటునకు ఒకటా, మనిషికి ఒకటా? భార్యాభర్తల పేర దస్తావేజున్నచో ఎవరు వేయవలెను? అద్దెకున్నవారి మాట యేమి? అమ్ముడుపోని ఫ్లాట్లకు బిల్డరు ఓటు వేయవచ్చునా? ఇవి నోటీసు పంపుటకు ముందే తేలవలెను. బదులు ఓటు ఉండవచ్చును గాని, ఒకరు ఒక్కరికి మించి వేయరాదని నా అభిప్రాయము. లేనిచో పది పత్రములు జేబులో వేసికొని వచ్చిన పెద్దమనిషి ఒక్కడే సభయగును.

పోటీకి నిలుచువారి నియమములు వ్రాయునప్పుడు నల్లగొండ వారికి 1996 జ్ఞాపకము రాక మానదు. ఆ యేటి లోక్‌సభ ఎన్నికలో ఆ ఒక్క స్థానమునకు 480 మంది నిలిచిరి. వారిలో అత్యధికులు గెలుపు కోరి రాలేదు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన పల్లెల గోడు దేశమునకు వినిపింపవలెనని జలసాధన సమితి పిలుపుపై నామినేషనులు వేసిరి. బ్యాలటు పత్రము పుస్తకమంత యైనది, పోలింగు వాయిదా పడినది. తుదకు బొమ్మగాని ధర్మభిక్షము గెలిచిరి. ఆ యేడే ధరావతు 500 రూపాయలనుండి 10,000కు పెరిగినది. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావలసివచ్చిరి. రద్దీ తగ్గిన మాట నిజమే. గోడు చెప్పుకొను ఖరీదు పెరిగిన మాటయు నిజమే. అపార్ట్‌మెంటు సంఘమునకు ధరావతు అక్కరలేదు. ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరచువాడు చాలును.

ఓట్లు సమానమైనచో ఏమి చేయవలెనో కూడ ముందే వ్రాసికొనుడు. అధ్యక్షుడే అభ్యర్థియైనప్పుడు అతనికి రెండవ ఓటిచ్చుట తగదు. మన పంచాయతీ ఎన్నికలలో ఓట్లు సరిసమానమైన చోట చీటీ వేసి తేల్చుచున్నారు. ఆ పద్ధతినే అనుసరించి, చీటీని ఇరుపక్షముల యెదుట తీయించి, మినిట్సు పుస్తకములో ఆ సంగతి వ్రాయించి, అందరి సంతకములు తీసికొనవలెను. వివాదము జిల్లా కోర్టునకు పోవుటకు 2001 చట్టమునందలి 23వ సెక్షను దారి యిచ్చుచున్నది. అక్కడ పనికివచ్చునవి ఆ సంతకములే.