టైరు నుంచి వాగులోకి



గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే పులస చేప సంగతి మీకు తెలుసు. అమెరికా పడమటి తీరంలో కోహో సాల్మన్ అనే చేప కూడా ఇలాంటి ప్రయాణమే చేస్తుంది. వాగులో పుట్టి, సముద్రానికి పోయి, సుమారు మూడేళ్ళ వయసులో తాను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వస్తుంది. గుడ్లు పెట్టి చనిపోతుంది. జీవితంలో ఆ అవకాశం ఒక్కసారే.

మన తెలుగువారెందరో స్థిరపడిన సియాటిల్ నగరం చుట్టుపక్కల, పాడైపోయిన వాగులను 1990లలో బాగుచేశారు. చేపలు తిరిగి వచ్చాయి. కాని వాన కురిసిన కొన్ని గంటలకే అవి నీటి పైకి వచ్చి, నోరు తెరిచి ఆయాసపడుతూ, గుండ్రంగా తిరుగుతూ, పక్కకు ఒరిగి చనిపోయేవి. ఆడ చేపల కడుపు కోసి చూస్తే గుడ్లన్నీ లోపలే ఉండేవి. కొన్ని వాగుల్లో ఇలా చనిపోయేవి 40 నుంచి 90 శాతం.

వ్యాధులా? పురుగుమందులా? నీటిలో ఆక్సిజన్ తగ్గిందా? ఒక్కొక్కటే పరిశీలించి పక్కన పెట్టారు. రోడ్ల మీది నుంచి పారే వాననీటిలో లోహాలు, పెట్రోలియం పదార్థాలు ఉంటాయి కదా, వాటిని ప్రయోగశాలలో కలిపి చేపలను వదిలారు. చేపలకు ఏమీ కాలేదు. అసలు రోడ్డు నీటిని పట్టి తెచ్చి వదిలితే మాత్రం చచ్చిపోయాయి. అంటే, తెలిసిన విషాల జాబితాలో లేనిదేదో ఆ నీటిలో ఉంది.

అనుమానం టైర్ల మీదికి పోయింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్యూ టియాన్, ఎడ్వర్డ్ కొలోజీ, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జెనిఫర్ మెకింటైర్, వారి సహచరులు టైరు పొడిని నీటిలో నానబెట్టారు. ఆ నీటిలో 2,000కు పైగా రసాయనాలు! వాటిని భాగాలుగా విడదీసి, ఏ భాగంలో చేప చనిపోతే ఆ భాగాన్నే మళ్ళీ విడదీశారు. చివరికి మిగిలిన పదార్థం అణువులో 18 కార్బన్, 22 హైడ్రోజన్, 2 నైట్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. టైర్లలో వాడే రసాయనాల జాబితాల్లో ఈ ఫార్ములా ఎక్కడా లేదు.

దీనికి దగ్గరగా ఉన్నది ఒకటుంది. 6పీపీడీ. దాని అణువులో హైడ్రోజన్లు 24, ఆక్సిజన్ అసలు లేదు. గాలిలోని ఓజోన్ తగిలితే రబ్బరు పగుళ్ళు తీస్తుంది. అలా కాకుండా తయారీలోనే టైరు బరువులో 0.4 నుంచి 2 శాతం వరకు 6పీపీడీ కలుపుతారు. ఇది టైరు పైపొరకు చేరి, రబ్బరు కంటే ముందు తానే ఓజోన్‌తో చర్య జరుపుతుంది. టైరుకు ఇది ఒక కవచమన్నమాట. మరి చర్య జరిగాక ఆ కవచం ఏమవుతుందన్న ప్రశ్న దశాబ్దాలపాటు పెద్దగా ఎవరికీ పట్టలేదు. టియాన్ బృందం 6పీపీడీకి ఓజోన్ తగిలించి చూసింది. చేపలను చంపిన పదార్థమే వచ్చింది! దాని పేరు 6పీపీడీ-క్వినోన్. 2020 డిసెంబరులో సైన్స్ పత్రిక ఈ ఫలితాన్ని ప్రచురించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ విషాన్ని ఏ కర్మాగారమూ తయారు చేయలేదు. అది రోడ్డు మీద తయారైంది. మనం సాధారణంగా ఏ రసాయనాన్ని కలిపామో దానినే పరీక్షిస్తాం, అది తరువాత ఏమవుతుందో పరీక్షించం.

ఎంత మోతాదు? లీటరు నీటిలో సుమారు 95 నానోగ్రాములుంటే పిల్ల కోహోలలో సగం చనిపోతాయని 2022లో తేలింది. 25 లక్షల లీటర్లు పట్టే ఒలింపిక్ ఈతకొలనులో పావు గ్రాము కంటే తక్కువే! విచిత్రమేమంటే, కోహోకు దగ్గరి బంధువైన చమ్ సాల్మన్ అదే రోడ్డు నీటిని తట్టుకుంటుంది. కాబట్టి ఒక చేపపై చేసిన పరీక్ష మరో చేపకు హామీ కాదు.

సాల్మన్‌ మీదే తరతరాలుగా బతికిన యూరోక్, పుయాలప్, పోర్ట్ గాంబుల్ స్క్లాలం ఆదివాసీ తెగలు 2023లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు అర్జీ పెట్టుకున్నాయి. ఆ ఏడాది నవంబరులో సంస్థ దానిని అంగీకరించింది. కాలిఫోర్నియా కూడా అదే ఏడాది, ప్రత్యామ్నాయాలు వెతకాలని టైర్ల తయారీదారులకు నిబంధన పెట్టింది. అది అంత సులువు కాదు. కొత్త రసాయనం ఓజోన్‌ను ఆపాలి, టైరు వేగంలో పగలకూడదు, నీటిలోకి మరో విషం వదలకూడదు.

ఈలోగా ఉపయోగపడేది మట్టి. ఇసుక, కంపోస్టు, చెట్టు బెరడు కలిపిన పొర గుండా రోడ్డు నీటిని వడగట్టి వదిలితే కోహోలు బతికాయని 2016లో ప్రచురించిన ప్రయోగం చూపింది. అప్పటికి ఆ విషానికి ఇంకా పేరు కూడా తెలియదు. సియాటిల్‌లో ఇప్పుడు రోడ్ల పక్కన ఇలాంటి మొక్కల గుంటలు కనిపిస్తాయి. మన హైదరాబాదులోనూ రోడ్ల మీద అరిగేవి ఇలాంటి టైర్లే. తొలకరి వాన ఆ పొడినంతా కడిగి నాలాల గుండా మూసీకి చేరుస్తుంది.