వాదవ్యాసము: చిట్టా, ఆవర్జా

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుగునపుడు పుస్తకముల మహిమను గూర్చి మాటలాడుట ఆచారము. ఆ పనిని నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా నెరవేర్చిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొని జీవించువాడను. కళాశాల మెట్లెక్కినవాడను కాను. భారత భాగవతములును, కొంత తర్కమును అచ్చుపుస్తకములు ముందుంచుకొని ఎవరికి వారు నేర్చుకొను రీతిని నేర్చుకొంటిని. అందుచే పుస్తకము చదువుటను గూర్చి కాక, చదివినవాడు వ్రాయవలసిన ఒక విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. కళాశాలలలో విద్యార్థులచే వ్రాయించు వాదవ్యాసమే ఆ విషయము.

వ్యాసమనగా విభజించి విస్తరించుట. 1862లో అచ్చైన ‘హితసూచని’లో సామినేని ముద్దునరసింహము గారు తమ వ్యాసములకు ప్రమేయములని పేరు పెట్టిరి. ప్రమేయమనగా ప్రమాణముచేత తెలియదగినది. ఫ్రాన్సు దేశమున మోంటేన్ అను నాతడు 1580లో తన గ్రంథమునకు పెట్టిన పేరునకు ప్రయత్నములు, పరీక్షలు అని యర్థము. ఒక దేశమువారు ప్రమాణ మనిరి, వేరొక దేశమువారు పరీక్ష యనిరి. స్తోత్రమని మాత్రము ఎవరును అనలేదు. మన విద్యార్థుల వ్యాసములు పెక్కులు స్తోత్రములుగా ఉండుటయే నేడు నా మనస్సును బాధించు విషయము.

మన బిడ్డలు చదువునకై హైదరాబాదునకు పోయి హిమాయత్‌నగరము, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరము ప్రాంతములలో గదులు తీసికొని యుండుట మీరెఱిగినదే. ఆ ప్రాంతమునకు చదువుతో గట్టి సంబంధము కలదు. కళాశాల విద్యార్థులు శాస్త్రములను తెలుగున చదువుటకు వలయు పుస్తకములను సిద్ధపరచుటకై 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి హిమాయత్‌నగరముననే నెలకొన్నది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములో ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు ఉదయము మొదలు రాత్రి వఱకు కూర్చుండి చదువుదురు. అశోక్‌నగరమున శిక్షణ కేంద్రములు వీధి వీధినా కలవు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి గ్రూప్-1 మెయిన్స్ పరీక్షలో వ్యాసరచనకే ఒక పూర్తి పత్రము కలదు. మూడు గంటలలో మూడు వ్యాసములు వ్రాయవలెను. ఒక్కొక్క దానికి 50 మార్కులు, మొత్తము 150. తెలుగులో వ్రాయుటకును అవకాశ మున్నది.

ఇంత అవకాశమున్నను జరుగుచున్న దేమి? గైడు పుస్తకములోని వ్యాసమును కంఠస్థము చేయుట. ప్రశ్న తూర్పునకు తిరిగినను, జవాబు తాను బట్టీ పట్టిన పడమటి త్రోవనే పోవును. “గ్రామములనుండి వలస నివారింపదగినదా?” అని యడిగిన, “వలసలు – కారణములు – దుష్ఫలితములు – నివారణ మార్గములు” అని వ్రాయుదురు. అడిగినది “తగునా, తగదా?” అని. వలసపోయి కుటుంబమును నిలువబెట్టుకొన్నవాని పక్షము ఆ వ్యాసమున ఒక్క వాక్యమైనను కానరాదు.

మన పూర్వులు ఈ లోపమును బాగుగా ఎఱిగిరి. న్యాయశాస్త్రమున మాటలాటను మూడు తెఱగులుగా విభజించిరి. తత్త్వమును తెలిసికొనుటకై జరుపునది వాదము. గెలుపే ముఖ్యముగా జరుపునది జల్పము. తన పక్షమంటూ లేక ఎదుటివానిని ఖండించుట మాత్రమే చేయునది వితండ. మీమాంసకులు ఒక్కొక్క అధికరణమున విషయమును చెప్పి, సంశయమును చెప్పి, పూర్వపక్షమును నిలిపి, ఆ పిమ్మటనే సిద్ధాంతమునకు పోయిరి. పూర్వపక్షమనగా ఎదుటివాని మాట. దానిని ముందుగా, ఎదుటివాడే చెప్పినంత బలముగా చెప్పిన తరువాతగాని సిద్ధాంతమునకు అధికారము రాదు. కళాశాలలలో వాదవ్యాసమునకు నేర్పవలసిన ముఖ్యసూత్రము ఇదియే యని నా యభిప్రాయము.

ఇక వ్రాసినదానిని దిద్దుటను గూర్చి. దిద్దుట యనిన వెంటనే విద్యార్థి అక్షరదోషములు వెదకును. ఒత్తు పోయినచోట ఒత్తు పెట్టి, దీర్ఘము పోయినచోట దీర్ఘము పెట్టి, పని ముగిసినదని తలచును. అవి దిద్దవలసినవే. కాని లెక్కలు వ్రాయువారు రెండు పుస్తకములు పెట్టుకొనుట మీకు తెలియును. దినదినము వచ్చినది వచ్చినట్లు, పోయినది పోయినట్లు వ్రాయునది చిట్టా. ఆ పద్దులనే ఏ ఖాతాకు చేరవలసినది ఆ ఖాతాకు ఎత్తి వ్రాయునది ఆవర్జా. చిట్టాలో పద్దులు జరిగిన వరుసను ఉండును. ఆవర్జాలో విషయపు వరుసను ఉండును. ఎవడెంత బాకీయో చిట్టాలో కనబడదు, ఆవర్జాలో కనబడును. వ్యాసమునకు మొదటి వ్రాత చిట్టా. మనకు తోచిన వరుసను తోచినదెల్ల అందులో పడును, పడవలసినదే. రెండవ వ్రాత ఆవర్జా. చిట్టాను అందమైన దస్తూరితో తిరిగి వ్రాసినంత మాత్రమున అది ఆవర్జా కాదు.

ఇందుకు మన యూరి నిదర్శన మొకటి చెప్పెదను. నా చెల్లెలి కుమారుడు నారాయణగూడలో డిగ్రీ చదువుచున్నాడు. “గ్రామ గ్రంథాలయము నేటికి అవసరమా?” అను విషయముపై వాదవ్యాసము వ్రాయవలసి వచ్చి, సెలవులలో ఆ వ్రాతను తెచ్చి నాకు చూపెను. పుస్తకము మంచి మిత్రుడు, గ్రంథాలయము దేవాలయము, కావున గ్రంథాలయము మిక్కిలి అవసరము – ఇది సారము. “అవసరము లేదన్నవా డెవడురా?” అని యడిగితిని. వాడు నవ్వి, “మామా, నిజం చెప్పాలంటే నేను ఫోన్‌లోనే చదువుతాను. ఇక్కడికి వచ్చి ఏడాదైంది” అనెను. ఆ మాటయే వ్రాయుమంటిని.

రెండవ వ్రాత తలక్రిందులుగా వచ్చెను. ఫోనుండగా గ్రంథాలయ మెందుకు? అక్కడికి ఎవరును పోవుట లేదు. ఆ ఖర్చు దండుగ. ఇందులో ప్రాణ మున్నది గాని ప్రమాణము లేదు. “ఎవరును పోవుట లేదంటివి, వోచరు ఏది?” అంటిని. పద్దునకు వోచరు లేనిదే నేను లెక్కలో వేయను. వాక్యమునకు మాత్రము ఏల మినహాయింపు? వాడు రెండు దినములు ఇక్కడ కూర్చుండి, పుస్తకము లిచ్చు రిజిష్టరును, పాఠకుల సంతకముల పుస్తకమును తిరుగవేసెను. వానికి రెండు సంగతులు కనబడెను. బీరువాలలోని పెక్కు పుస్తకములు ఏండ్ల తరబడి ఎవరి చేతికిని పోలేదు. ఇది వాని పక్షమునకు బలము. కాని పరీక్షల నెలలలో సాయంకాలపు సంతకములు పుట కొక పుట నిండియున్నవి. ఇంటిలో ఒంటిగది గలవారి పిల్లలు, టీవీ మ్రోతలో చదువలేనివారు, దీపమునకును బల్లకును వచ్చినవారే అధికము. ఇది వాని పక్షమునకు విరోధము.

ఇట్టి తావున విద్యార్థి పరీక్షకు నిలుచును. విరోధముగా వచ్చిన ప్రమాణమును దాచినచో అది జల్పము. దానిని లెక్కలో వేసి, తన ప్రతిజ్ఞనే మార్చుకొన్నచో అది వాదము. వాడు మార్చుకొనెను. మూడవ వ్రాతలో వాని సిద్ధాంత మిది: పుస్తకములను భద్రపరచుటకు మాత్రమే నిలిచిన గ్రంథాలయమునకు కాలము చెల్లుచున్నది; కూర్చుండి చదువుకొనుటకు చోటుగా నిలుచు గ్రంథాలయమునకు అవసరము పెరుగుచున్నది; కావున ధనము బీరువాలకంటె ముందు బల్లలకును దీపములకును వెచ్చింపదగును. మొదటి వ్రాతలో పెద్దమాటలు పెక్కులు, ప్రతిజ్ఞ శూన్యము. మూడవదానిలో ప్రతిజ్ఞ చిన్నది, ఇరుకైనది, కాని నిలబడునది. దిద్దుట వలన వ్యాసము పెరుగుట కంటె తఱుగుటయే తఱచు, తఱిగినది గట్టిపడును.

విద్యార్థులారా, రెండవ వ్రాతకు ముందు మీరు వేసికొనదగిన ప్రశ్నలు నాలుగు. నా ప్రతిజ్ఞ ఒక్క వాక్యమున చెప్పగలనా? దానిని కాదనువాడు లోకమున ఉన్నాడా? వాని మాటను వాడు విని, “అవును, నేననునది ఇదియే” అనునట్లు వ్రాసితినా? ప్రతి పద్దునకును వోచ రున్నదా? ఈ నాలుగింటికిని జవాబు చెప్పుకొన్న పిమ్మట అక్షరదోషములు దిద్దుడు. గోడ వంకరగా నుండగా సున్నము కొట్టుట వలన ప్రయోజనము లేదు.

పరీక్షలో ఒక వ్యాసమునకు దొరకునది గంటయే; రెండు సారులు వ్రాయుటకు వ్యవధి యేది యని మీరడుగవచ్చును. నిజమే. కాని ఇంటివద్ద ఇరువది వ్యాసములను రెండేసి సారులు వ్రాసినవానికి, పరీక్షలో కలము పట్టక పూర్వమే చిట్టా మనస్సున నడచును. మొదటి పది నిమిషములలో రెండు పక్షములను గీత కిరువైపుల గుర్తు వేసికొని, పిమ్మట ఆవర్జానే వ్రాయును. బట్టీ పట్టినవానికి ఈ లాభము లేదు. వానికి ఒక్క ప్రశ్నయే వచ్చును, అది రావలెను.

తెలుగునాట వాదమును వాదముగా నడపినవారిని ఇద్దరిని స్మరింతును. మొదటివారు గిడుగు రామమూర్తి పంతులు గారు. విద్యార్థులు వ్యాసములను ఏ తెలుగున వ్రాయవలెనను ప్రశ్న మీదనే మదరాసు రాజధానిలో 1912 మొదలు 1914 వఱకు పెద్ద వివాదము నడచినది. 1913లో గిడుగువారు ఆధునికాంధ్రమును సమర్థించుచు విజ్ఞాపనము ప్రకటించిరి. జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథికమును సమర్థించిరి. 1914లో గురజాడ అప్పారావు గారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. విద్యార్థి తెలుగు వ్రాతను గూర్చిన ఈ పత్రములు ఇంగ్లీషున నడచుట ఒక వింత. గిడుగువారి బలము ఎక్కడిదనగా, తాము కాదను గ్రాంథికమును పండితులకంటె లోతుగా చదివిరి. పూర్వకావ్యములనుండియు, ప్రతిపక్షుల రచనలనుండియు ప్రయోగములను ఏరి చూపిరి. పూర్వపక్షమును కరతలామలకము చేసికొనుట యనగా నిదియే. నేను అలవాటు చొప్పున గ్రాంథికమున మాటలాడుచున్నాను; మీరు మీ తెలుగుననే వ్రాయుడు. ప్రమాణము మాత్రము విడువకుడు.

రెండవవారు మన సురవరము ప్రతాపరెడ్డి గారు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాసిరి. కోపము వచ్చు మాట. ప్రతాపరెడ్డిగారి చేత ‘గోలకొండ’ పత్రిక యుండెను, తిట్టి తీర్చుకొనవచ్చును. వారు ఊరూర నుండి కవుల పద్యములను రప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. అందు 354 కవులు కలరు. లేరన్న మాటకు ఉన్నవారి జాబితాయే జవాబు! వోచరులతో వ్రాసిన వాదవ్యాసమునకు ఇంతకు మించిన మాదిరి నే నెఱుగను.

ఇప్పుడు సంఘము వారికి ఒక మనవి. ఖర్చు తగ్గించుటకై సాయంకాలము ఏడు గంటలకే గ్రంథాలయమును మూయవలెనను తీర్మానము సంఘమున ఆలోచనలో నున్నది. గ్రంథాలయపు లెక్కలు వ్రాయువాడను నేనే కావున ఆ పూర్వపక్షపు బలమును నేనెఱుగుదును: కరెంటు బిల్లు పెరిగినది, చందాలు తగ్గినవి, రాత్రి కాపలాకు మనిషి లేడు. ఇవి వట్టిమాటలు కావు. కాని సంతకముల పుస్తకమును గూడ ఒకసారి తెఱచి చూడవలెనని ప్రార్థించుచున్నాను. ఏడు గంటల తరువాత వచ్చువారే మన గ్రంథాలయమునకు నేడు నిజమైన పాఠకులు. అన్ని నెలలును కాకున్న, పరీక్షల నెలలలోనైన తొమ్మిది గంటల వఱకు దీపము వెలుగనిండు. కొత్త బీరువాకై తీసియుంచిన మొత్తమునుండి ఆ ఖర్చు పెట్టవచ్చును. కాపలాకు వారమున రెండు దినములు నేను కూర్చుందును.

నెలకొక ఆదివారము విద్యార్థులు ఒక వ్యాసమును ఇక్కడ చదువవలెననియు, విన్నవారు పూర్వపక్షము చెప్పవలెననియు, మరునెలలో దానినే దిద్ది మరల చదువవలెననియు నా రెండవ మనవి. మోంటేన్ 1588లో అచ్చైన తన గ్రంథపు అంచులలో 1592లో మరణించు వఱకు చేర్పులు వ్రాయుచునే యుండెను. మన బిడ్డలు ఒక్క నెల దిద్దిన చాలును.

నా సూచనలను కాదనువారు ఈ సభలో నుందురు. వారు లేచి తమ పక్షమును చెప్పినచో, సంఘము ఉభయపక్షములను విని నిర్ణయించును.