తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

(జంగారెడ్డిగూడెంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ సెట్టింగుల గురించి సోషియాలజీ చదివిన మనిషి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఆఫీసు కంప్యూటర్లలో ఏమున్నాయో గుర్తు చేసుకోండి. గృహహింస కేసుల కాగితాలు, భర్త నుంచి తప్పించుకున్న స్త్రీ తలదాచుకున్న చోటు చిరునామా, అత్యాచారానికి గురైన పిల్ల పేరు, గల్ఫ్ వెళ్ళిన చెల్లెళ్ళ పాస్‌పోర్టు కాపీలు, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు 1/70 చట్టం కింద భూమి కోసం ఆదివాసీ స్త్రీలు పెట్టుకున్న అర్జీలు. ఇవన్నీ ఒకప్పుడు బీరువాలో ఉండేవి. ఇవాళ ఈమెయిల్లో, పెన్‌డ్రైవ్‌లో, ఒక్కోసారి సెంటర్లోని జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఉంటున్నాయి. ఆ చిరునామా భర్త చేతిలో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

గోప్యత అనే మాటను స్త్రీవాదులం అనుమానంగా చూడటానికి కారణం ఉంది. 'ఇది మా ఇంటి విషయం' అనే మాట చాటునే ఇంతకాలం హింస సాగింది. అయితే కుటుంబ గోప్యత వేరు, స్త్రీ గోప్యత వేరు. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ తేడాను స్పష్టంగా చెప్పారు. కాపురానికి రావాలని భార్యను కోర్టు ద్వారా ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆమె గోప్యతకు, తన శరీరం మీద ఆమెకున్న హక్కుకు భంగమని దాన్ని కొట్టివేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. తీర్పు కాగితం మీద ఉంది. మనల్ని నమ్మి నోరు విప్పిన స్త్రీకి ఆ హక్కు దక్కుతుందా లేదా అన్నది చాలావరకు మన చేతుల్లో ఉంది.

ఎన్‌క్రిప్షన్ అంటే, తాళం చెవి ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చదవలేని రూపంలోకి రాతను మార్చడం. అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసిన ఫిల్ జిమ్మర్మన్ అనే అమెరికన్ 1991లో పీజీపీ అనే ప్రోగ్రామ్‌ను ఉచితంగా విడుదల చేశాడు. అమెరికా ప్రభుత్వం మూడేళ్ళు దర్యాప్తు చేసి, 1996లో కేసు పెట్టకుండానే వదిలేసింది. ఈ పద్ధతిలో ప్రతి మనిషికీ రెండు కీలు ఉంటాయి. ఒకటి తెరిచి ఉన్న తాళంకప్ప లాంటిది. దాన్ని ఎందరికైనా పంచవచ్చు. మనకు ఉత్తరం రాసేవాళ్ళు ఆ కప్ప వేసి పంపుతారు. దాన్ని తీసే రెండో కీ మన దగ్గరే ఉండాలి.

థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్‌లో 2020 నుంచి ఈ ఏర్పాటు లోపలే ఉంది. దాన్ని అమర్చుకునేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోండి. ఒకటి, ప్రైమరీ పాస్‌వర్డ్. అది పెట్టకపోతే ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా మన ఉత్తరాలు తెరవగలరు. రెండు, సబ్జెక్టు. థండర్‌బర్డ్ దాన్ని కూడా దాచగలదు గాని అన్ని ప్రోగ్రాములూ ఆ పని చేయవు. కాబట్టి సబ్జెక్టులో ఏ స్త్రీ పేరూ రాయకండి. మూడు, సగం రాసి ఆపిన ఉత్తరాలు కూడా తాళంలోనే ఉండేలా ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేయండి. నాలుగు, అవతలి మనిషి కీ నిజంగా ఆమెదేనా అన్నది. దాని గుర్తుగా ఉండే అక్షరాల వరుసను ఫోన్లో ఆమె గొంతుతోనే చదివించుకుని సరిచూసుకోండి. ఇంత చేసినా ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారన్నది బయటికి తెలుస్తూనే ఉంటుంది.

ఫైళ్ళ కోసం వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఇది కంప్యూటర్లో తాళం ఉన్న పెట్టెను తయారుచేస్తుంది. కొంతసేపు వాడకపోతే పెట్టె దానంతటదే మూసుకునే సెట్టింగ్ ఆన్ చేయండి. పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకోమనే చోట టిక్ తీసేయండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ పెట్టెను ఎవరూ తెరిచిపెట్టలేరు. దాన్ని సీలు వేసిన కవర్లో వేరేచోట, సంఘంలో ఇద్దరి ఎరుకలో ఉంచాలి.

తాళం గట్టిదైనా మారుచెవి ఇంకొకరి దగ్గర ఉంటే ఏం లాభం? భీమా కోరేగావ్ కేసును తీసుకోండి. అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన ఫైలును తెరవడంతో రోనా విల్సన్ లాప్‌టాప్ పరాయి చేతుల్లోకి పోయింది. ఆ తర్వాత అందులోకి పత్రాలు చొప్పించారు. ఆ నివేదికను ఆధారంగా తీసుకోరాదని ఎన్‌ఐఏ వాదించింది. వరవరరావు, విల్సన్, హనీబాబుల ఖాతాలకు కొత్తగా ఒక రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబరు చేరాయనీ, అవి పూణె పోలీసు అధికారికి చెందినవని పరిశోధకులు చెబుతున్నారనీ 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక రాసింది.

మన ఊళ్ళలో ఆ మారుచెవి పోలీసుల కంటే ఎక్కువగా ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఖాతాకు రికవరీ నంబరు భర్తదో, అన్నదో, ఖాతా తెరిచిపెట్టిన నెట్ సెంటర్ అబ్బాయిదో అయి ఉంటుంది. ఇవాళ ఇంటికి వెళ్ళగానే ఆ ఒక్క సెట్టింగ్ చూడండి. మీకు తెలియని నంబరుంటే తీసేసి, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఐటీ చట్టం 69వ సెక్షన్ ప్రకారం, అధికారమున్న సంస్థ ఆదేశిస్తే తాళం తీసి చూపించాల్సి వస్తుంది. నిరాకరిస్తే ఏడేళ్ళ వరకు జైలు. అందుకే అక్కర్లేని వివరం అసలు రాసుకోకపోవడం మంచిది. ఏది రాయాలో, ఎక్కడ ఉంచాలో, ఎవరికి చూపించాలో ముందు ఆ స్త్రీనే అడగండి.

తాళాల గుత్తి బొడ్లో దోపుకుని తిరిగే ఇల్లాలికి బీరువాలోని ఆస్తిలో వాటా లేకపోవడం మనకు కొత్త కాదు. కంప్యూటర్ విషయంలో ఆ గుత్తి కూడా లేదు. 'అది అబ్బాయిలు చూసుకుంటారు' అనేస్తున్నాం. ప్రతి సంఘంలో ఇద్దరు స్త్రీలు ఈ పని నేర్చుకోవాలి. మూడు నెలలకొకసారి కూర్చుని సెట్టింగులన్నీ సరిచూడాలి. ఆ ఇద్దరి పేర్లు ఈ సాయంత్రమే నిర్ణయించుకుని వెళదాం.