ఆంగ్లభాషా సందేహములు: అడుగవలసిన తావులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రాజోలు, కొత్తపేట ప్రాంతముల నుండి కువైటుకో మస్కటుకో పనికి పోవువారి చేతికి ముందుగా వచ్చునది తరచుగా ఒక ఆంగ్లపు ఒడంబడిక కాగితము. అందులో తిరుగు ప్రయాణపు ఖర్చును గూర్చి 'షల్' అని యున్నచో యజమాని ఇచ్చి తీరవలెను. 'మే' అని యున్నచో ఇయ్యవచ్చును, మానవచ్చును. మూడక్షరముల మాటపై విమానపు టిక్కెట్టు వ్రేలాడుచున్నది. వ్రాలు చేయుటకు ముందు ఆ భేదమును విప్పి చెప్పువారిని వెదకుకొనుట చదువుకున్న వారికి గూడ అవసరమే.

కాని మనవారికి అడుగుట నామోషి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరకు ఆ నామోషి లేకపోయెను. 1817లో మదరాసునకు వచ్చి, కడపలోను రాజమహేంద్రవరములోను కొలువు చేసిన ఆయన, జూలూరి అప్పయ్య, రావిపాటి గురుమూర్తిశాస్త్రి వంటి పండితులను చేరదీసి తెలుగు సందేహములు తీర్చుకొనెను. 1852లో అచ్చయిన నిఘంటువునకు వెనుక నున్నది ఆ అడుగుటయే. పాలించు జాతివాడు పండితుని అడుగగా లేనిది, మనము అడుగుటకేమి?

మన సందేహములలో పెక్కు తెలుగు నుండియే పుట్టుచున్నవి. 'పదేండ్ల నుండి ఇచ్చట ఉంటున్నాను' అను వాక్యమును మనవారు 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అని వ్రాయుదురు. తెలుగున 'నుండి' యొక్కటియే రెండు పనులు చేయును. ఆంగ్లమున మొదలైన కాలమునకు 'సిన్స్', గడచిన కాలపరిమాణమునకు 'ఫర్'. క్రియ సైతము మారి 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' కావలెను. తప్పు దిద్దువారు పలువురు గలరు; ఈ కారణము చెప్పగలవాడే నిపుణుడు.

పుస్తకములలో రెన్, మార్టిన్‌ల వ్యాకరణము సూత్రము చెప్పును. హార్న్‌బీ నిఘంటువు ఏ క్రియ వెంట ఏ కూర్పు వచ్చునో చూపును. జపానులో ఆంగ్లము బోధించుచు విదేశీయుల తికమకలను కన్నులార చూచినవాడు గనుక, 1942లో టోకియోలో అచ్చయిన ఆ గ్రంథము మనబోటివారి కొరకే పుట్టినట్లుండును. హైదరాబాదులో 1958లో వెలసిన ఆంగ్లభాషా సంస్థ నేడు విశ్వవిద్యాలయమైనది. అంత దూరమేల? అమలాపురములో 1951 నాటి భానోజీ రామర్స్ కళాశాల యున్నది. చేతి ఫోనులోని యంత్రములు సైతము క్షణములో బదులిచ్చుచున్నవి. ఆ వేగము మెచ్చదగినదే. అయితే తప్పుడు కారణమును గూడ అంతటి ధీమాతోనే చెప్పుట వాని గుణము.

అడుగుటకును ఒక పద్ధతి కలదు. ఒక్క మాట తెచ్చి తప్పా ఒప్పా అనుట, నాడి చూపక మందడుగుట వంటిది. వాక్యము మొత్తము, ఎవరు ఎవరికి వ్రాసినది, తాను చెప్పదలచినది తెలుగులో నేమి అనునవి మూడును ఉండవలెను. గ్రంథాలయపు బల్లపై ఒక సందేహముల పుస్తకము నుంచి, నెలకొకమారు ఆంగ్లోపాధ్యాయుని చేత జవాబులు వ్రాయించినచో, ఒకరి సందేహము పదిమందికి పాఠమగును. ఒడంబడిక వాక్యములను అందులో ఎక్కించునప్పుడు పేరు, పాస్‌పోర్టు సంఖ్య విడిచిపెట్టవలెను. చట్టమున కది చెల్లునా లేదా అనుట వకీలు చెప్పవలసిన మాట. రెండింటికిని కాగితమును వ్రాలునకు ముందే తేవలెను.