పచ్చబారిన ఓక్ చెక్క

ఇంగ్లండు ఓక్ అడవుల్లో నేలమీద పడి నానుతున్న కొమ్మను విరిస్తే, లోపలి చెక్క ఒక్కోసారి నెమలికంఠం రంగులో మెరుస్తుంది. అది క్లోరోసిబోరియా అనే శిలీంధ్రం పని. దాని సన్నని పోగులు చెక్క కణాల్లోకి పాకి, జైలిండీన్ అనే వర్ణకాన్ని నింపుతాయి. పైకి వచ్చే పుట్టగొడుగు మాత్రం అరుదు. సెంటీమీటరుకు మించని చిన్న గిన్నె, అదీ అదే రంగు.

ఈ రంగు వెలుతురుకు తేలిగ్గా వెలిసిపోదు, నీళ్లలో కరగదు. 15వ శతాబ్దంలో ఇటలీ వడ్రంగులకు ఆ సంగతి బాగా తెలుసు. గుబ్బియో పట్టణంలో ఫెడెరిగో ప్రభువు చదువుల గది గోడలకు రకరకాల చెక్కముక్కలు పొదిగి బొమ్మలు కూర్చారు. పంజరంలోని చిలుకకు ఈ పచ్చచెక్కే వాడారు. ఎంత చక్కని ఎంపిక! ఆ గది ఇప్పుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మన మామిడి పలకల మీద వానాకాలంలో కనిపించే నీలినల్ల మరకలు వేరే శిలీంధ్రాలవి. అవి చెక్కలోని చక్కెర, పిండిపదార్థాలు తిని బతుకుతాయి. వాటి పోగుల ముదురు రంగే మనకు మరకగా కనబడుతుంది. పీచును అంతగా ముట్టవు కాబట్టి పలక బలం పెద్దగా తగ్గదు. అయినా అడితిలో ధర తెగ్గోస్తారు, అది సబబు కాదని నా అభిప్రాయం. దుంగను కోసిన వెంటనే పలకల మధ్య సన్నని బద్దలు పెట్టి గాలాడేలా పేర్చాలి. తేమ 20 శాతం లోపుకు దిగితే ఈ మరక ఇక పాకదు.